పేడనుండి విద్యుచ్ఛక్తి

పేడను పిడకలు చేసి కాల్చినచో అందలి నత్రజని పొగతోఁ బోవును. పొలమునకు మిగులునది బూడిద. దానినే సమభాగము నీటఁ గలిపి గాలి చొరని తొట్టిలోఁ బోసినచో సూక్ష్మజీవులు మండెడి వాయువు నిచ్చును, ఎరువు ఎరువుగనే యుండును. ఆ వాయువుతో యంత్రము నడపి విద్యుచ్ఛక్తినిఁ బొందవచ్చును.

అయినను ఇంటింట యంత్రము కొనుఁడని మేము చెప్పము. 25 కిలోల పచ్చిపేడకు ఘనమీటరు వాయువును, దానివలన సుమారు 1.5 యూనిట్ల విద్యుత్తును లభించును. 2 పశువులున్న రైతునకు దినమునకు యూనిటు వచ్చుటయే గొప్ప. అట్టివారు వాయువును వంటకు వాడుకొనుటయే లాభము.

కర్ణాటకమందలి పుర గ్రామస్థులు, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సు వారి తోడ్పాటున, 1987లో ఈ కార్యమును ఉమ్మడిగాఁ బ్రారంభించిరి. ఊరి పేడ నొక్కచోటఁ జేర్చి, వాయువునకుఁ గొంచెము డీజిలు తోడుచేసి ఇంజను నడపి, ఇండ్లకు దీపములును త్రాగునీరును సమకూర్చుకొనిరి. పేడ తెచ్చినవారికి తూకమునుబట్టి పైకము ముట్టెను; వాయువు తీసిన పేడయుఁ దిరిగి వచ్చెను. మాకు మిక్కిలి నచ్చినది ఈ యేర్పాటే. పొలము లేని గేదెలవానికి ఎరువుతోఁ బనిలేదు. పైకమీయనిచో వాఁడు పేడ నేల తెచ్చును?

ఒక్క జాగ్రత్త: వాయువునందలి గంధకము ఇంజనును తినివేయును. దానిని ముందుగా తుప్పుపట్టిన ఇనుపరజనుగుండఁ బోనిచ్చి, రజనును అప్పుడప్పుడు మార్చుచుండవలెను.