బొగ్గుబాయిలో బొగ్గునే ఎందుకు వదిలేస్తారు?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లలూ, మన పాత కరీంనగర్ జిల్లాలోని గోదావరిఖనిలో సింగరేణి బొగ్గుబాయిలున్నాయి. అంత లోతుకు దిగినవాళ్లు మొదట చాలా బొగ్గును ముట్టుకోకుండా వదిలేస్తారు. ఎందుకు? పెంకుటింటి వసారా చూడండి. పెంకుల బరువంతా దూలాల మీదుగా స్తంభాలకు దిగుతుంది. బాయిలో కప్పంటే వందల అడుగుల మందమున్న రాయి! ఆ బరువును కర్రలూ ఇనుప దూలాలూ మాత్రమే మోయలేవు. అందుకే బొగ్గు పొరలో అడ్డంగా, నిలువుగా దారులు తొలుస్తారు. నడుమ మిగిలిన బొగ్గు దిమ్మెలే స్తంభాలు.

మరి ఆ బొగ్గంతా దండగేనా అంటారేమో. కాదు. దారులు చివరిదాకా వెళ్లాక, ఇల్లు అలికేవాళ్లు లోపలి మూల నుంచి గడపవైపు వచ్చినట్టు, వెనక్కి వస్తూ ఒక్కో స్తంభాన్నీ తీస్తారు. బాయిపనిలో నాకు గొప్పగా తోచేది ఈ ఓపికే. ఖాళీ అయిన చోట కప్పును కూలనిస్తారు, లేదా నీళ్లతో కలిపిన గోదావరి ఇసుకను గొట్టాల్లో పంపి నింపుతారు. అసలు స్తంభాలే లేకుండా తవ్వలేమా? 2014లో అడ్రియాల గనిలో అలాంటి పద్ధతే మొదలైంది. పొడవైన బొగ్గు గోడను యంత్రం చెక్కుతుంటే, ఇనుప జాకీల వరుస కప్పును మోస్తూ జరుగుతుంది. వెనక కప్పు కూలిపోతుంది. అయితే ఆ యంత్రాలు చాలా ఖరీదు, పొర సమంగా సాగినచోటే పనిచేస్తాయి.