గెస్ట్ ఫ్లాట్ సింక్ కింద డిస్పోజర్: గోంగూర కాడలు, కారం, కరెంట్ కోత తట్టుకోవాలంటే

ఫోన్ల రివ్యూలు చదివే చోట సింక్ గోల ఏంటి బాస్ అనుకోకండి. మోటార్, హార్స్‌పవర్, ఆర్‌పీఎం, ఓవర్‌లోడ్ ప్రొటెక్షన్, రీసెట్ బటన్ ఉన్నాయంటే అది గ్యాడ్జెట్టే. పైగా ఫోన్ పాడైతే డబ్బులే పోతాయి, దీంతో వేళ్లు పోతాయి.

గుంటూరులో మా పిన్ని రెండు ఫ్లాట్లని రోజు అద్దెకి ఇస్తుంది. ఆస్పత్రి పనిమీద వచ్చే కుటుంబాలు, సీజన్‌లో మిర్చి యార్డ్‌కి వచ్చే బయటి రాష్ట్రాల వ్యాపారులు, పెళ్లిళ్లకి వచ్చే అమెరికా చుట్టాలు, అందరూ అక్కడే వండుకుంటారు. రెండు సింకుల కిందా ఫుడ్ వేస్ట్ డిస్పోజర్లున్నాయి. వీకెండ్ వెళ్తే వాటి సర్వీసింగ్ నా డ్యూటీ.

ముందు ఒక అపోహ తీసేద్దాం. దీంట్లో బ్లేడ్లుండవు. 1927లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో జాన్ హామ్స్ అనే ఆర్కిటెక్ట్ ఇలాంటి యంత్రం తయారుచేశాడు. మూలసూత్రం ఇప్పటికీ పెద్దగా మారలేదు. అడుగున ఒక ప్లేట్ గిర్రున తిరుగుతుంది, దాని మీద రెండు ఇనప ముక్కలుంటాయి. అవి చెత్తని చుట్టూ ఉన్న గరుకు రింగ్ కేసి విసిరి కొడతాయి. నలిగిన ముక్కలు నీళ్లతో కలిసి పైపులోకి పోతాయి. అంటే మిక్సీలా కోయదు, రాచి రాచి అరగదీస్తుంది. గట్టి ముక్క కంటే పీచు దీనికి పెద్ద శత్రువు కావడానికి కారణం ఇదే.

ఇప్పుడు మన వంటిల్లు చూడండి. గోంగూర కాడలు, నమిలేసిన మునక్కాయ పిప్పి, పులుసు పిండాక మిగిలే చింతపండు పిప్పి, అరటాకు ముక్కలు, ఉల్లిపొరలు. ఇవన్నీ ప్లేట్ చుట్టూ తాడులా చుట్టుకుంటాయి. మామిడి టెంక అయితే మోటార్ అక్కడికక్కడే ఆగిపోతుంది. మిగిలిపోయిన అన్నం ఇంకో రకం: నలుగుతుంది, కానీ పైపు వంపులో గంజిలా పేరుకుంటుంది. ఆవకాయ నూనె, నెయ్యి దానికి తోడైతే చెప్పక్కర్లేదు.

నెయ్యి, నూనె ముందు పేపర్‌తో తుడిచేయాలి. డిస్పోజర్ నడిపేటప్పుడు చన్నీళ్లే వాడాలి. వేణ్నీళ్లలో కొవ్వు కరిగి ముందుకెళ్లి పైపులో గడ్డకడుతుంది, చన్నీళ్లలో గట్టిగా ఉండి ముక్కలై కొట్టుకుపోతుంది. మే నెలలో గుంటూరులో మధ్యాహ్నం పూట ట్యాంక్ నీళ్లే కాలిపోతుంటాయి కదా, అందుకే ఎండాకాలం ఆ పని పొద్దున్నే పెట్టుకుంటాం. చెత్త నలిగి శబ్దం తేలికయ్యాక కూడా ఇంకో ఇరవై సెకన్లు నీళ్లు వదలాలి. చాలామంది గెస్టులు ఎగ్గొట్టే స్టెప్ ఇదే.

కారం సంగతి మర్చిపోవద్దు. ఎండుమిరప గింజలో, పచ్చడి మిగులో వేసి స్విచ్ నొక్కితే పైకి చిందేది కారం నీళ్లు. ముఖం సింక్ మీద పెట్టి చూడకండి, మూతపెట్టి పక్కన నిలబడండి.

వాసన వస్తోందంటే చాలామంది వెంటనే బేకింగ్ సోడా, వెనిగర్ పోస్తారు. నురగ బాగానే వస్తుంది, కానీ అవి రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. అసలు కంపు ఉండేది సింక్ నోటి దగ్గర రబ్బరు రెక్కల అడుగున. ప్లగ్ పీకి, ఆ రెక్కలెత్తి, పాత టూత్‌బ్రష్‌కి గిన్నెలు తోమే లిక్విడ్ రాసి రుద్దితే బురదలాంటి జిగురు ఊడొస్తుంది. కొన్ని మోడల్స్‌లో రబ్బరు మొత్తం బయటికే వస్తుంది, ఇంకా సులువు. తర్వాత సింక్ సగం దాకా సబ్బునీళ్లు నింపి, బిరడా తీసి, మెషిన్ ఆన్ చేయండి. ఒక్కసారిగా దూకే ఆ నీళ్లు లోపలా, పైపులోనూ కడిగేస్తాయి. ఐస్ ముక్కలు బ్లేడ్లకి పదును పెడతాయన్న మాట వదిలేయండి, లేని బ్లేడ్లకి పదునేంటి? అంటుకున్న మడ్డిని రాలగొడతాయి, అంతవరకే. యాసిడ్, డ్రైన్ క్లీనర్ పౌడర్లు మాత్రం అస్సలొద్దు. రబ్బరు, సీళ్లు పాడవుతాయి, తర్వాత ఎవరో ఆన్ చేస్తే అది మొహం మీదకి చిందుతుంది.

ప్రకాశం వైపు బోరు నీళ్ల ఊళ్లయితే తెల్లటి పొర కూడా కడుతుంది. నిమ్మ ఉప్పు నీళ్లలో కలిపి పోసి, పది నిమిషాలాగి బాగా కడిగితే చాలు.

ఇక అసలు ప్రమాదం. స్విచ్ వేస్తే 'హుమ్' అని మూలుగుతూ తిరగట్లేదంటే ఏదో ఇరుక్కుంది. వెంటనే ఆపండి, లేకపోతే వైండింగ్ వేడెక్కుతుంది. లో వోల్టేజ్ ఉన్నా ఇదే శబ్దం వస్తుంది. అసలు శబ్దమే లేదంటే ఓవర్‌లోడ్ ట్రిప్ అయ్యి ఉండొచ్చు. ఇక్కడ మన స్పెషల్ కేస్ ఒకటుంది: కరెంట్ పోయింది, స్విచ్ ఆన్‌లోనే ఉంది, మెషిన్ చప్పుడు లేదు. 'ఆగిపోయింది కదా' అని చెయ్యి పెడితే, కరెంట్ వచ్చిన క్షణం ఏమవుతుందో ఊహించుకోండి. ఫ్లాట్లు శుభ్రం చేసే అక్కకి నేను మొదట నేర్పింది క్లీనింగ్ కాదు, ఈ ఒక్కటే: కరెంట్ ఉన్నా లేకపోయినా ప్లగ్ పీకి, అది కంటికి కనపడేలా గట్టు మీద పెట్టాకే సింక్ జోలికెళ్లాలి. చెయ్యి అప్పుడు కూడా లోపలికి వెళ్లకూడదు. ఫోన్ టార్చ్, పట్టకారు చాలు.

చాలా మోడల్స్‌కి అడుగున మధ్యలో ఒక రంధ్రం ఉంటుంది. దానికి పావు అంగుళం ఎలెన్ కీ పెట్టి అటూ ఇటూ తిప్పితే ఇరుక్కున్నది వదులవుతుంది. దాన్ని పట్టకారుతో తీసేయండి. పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి, అడుగున ఉన్న ఎర్ర రీసెట్ బటన్ నొక్కి, అప్పుడు ప్లగ్ పెట్టండి. ఆ కీని సింక్ తలుపు లోపలివైపు దారంతో కట్టేశాం, లేకపోతే ప్రతి గెస్ట్ తర్వాతా వెతుక్కోవాల్సిందే.

నెల రోజులు ఫ్లాట్ ఖాళీగా ఉంటే ఇంకో తలనొప్పి. ప్లేట్ తుప్పుతో పట్టేస్తుంది, పైపు వంపులో నీళ్లు ఎండిపోయి బొద్దింకలు, కంపు పైకొస్తాయి. వారానికోసారి నీళ్లు వదిలి అర నిమిషం తిప్పమని వాచ్‌మెన్‌కి చెప్పాం.

అమెరికా నుంచి సూట్‌కేసులో తెచ్చుకుందామా అని అడిగేవాళ్లకి: అక్కడి మెషిన్ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్ తగ్గిస్తుంది, ఫ్రీక్వెన్సీని మార్చదు. మన 50 హెర్ట్జ్ మీద అక్కడి ఇండక్షన్ మోటార్ ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, వేడి కూడా పెరుగుతుంది. ఇక్కడ అమ్మే 230 వోల్టుల మోడలే కొనండి. చిన్న ఇన్వర్టర్‌కి మాత్రం కలపొద్దు, స్టార్టింగ్ కరెంట్ దానికి భారం.

కొత్తగా గెస్ట్ ఫ్లాట్ కడుతుంటే, డ్రైనేజీ సెప్టిక్ ట్యాంక్‌లోకే వెళ్తుంటే, నేనైతే దీన్ని పెట్టను. నలిగిన చెత్త అంతా ట్యాంక్ అడుగునే చేరుతుంది, ట్యాంకర్‌ని తరచూ పిలవాలి. తడి చెత్తకి మూతున్న బకెట్, రోజూ వచ్చే చెత్త బండి, అంతే. ఆల్రెడీ ఉన్నవాళ్లు సింక్ పైన తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో చిన్న కార్డు అంటించండి. మా పిన్ని వాళ్ల కార్డు మీద ఉన్నది ఇంతే: పీచు, టెంక, అన్నం, నూనె వేయొద్దు. ముందు నీళ్లు, తర్వాత స్విచ్. ఆగిపోతే చెయ్యి పెట్టకుండా ఫోన్ చేయండి.