అపరిచితులతో వీడియో సంభాషణ: మర్యాదయు రక్షణయు

మహారాష్ట్రమున నాందేడు జిల్లాలో, కిన్వట్ పట్టణమును ఆనుకొని గోకుంద కలదు. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణము జరుగువరకు కిన్వట్ తాలూకా హైదరాబాదు రాష్ట్రమందలి ఆదిలాబాదు జిల్లాకు చెందియుండెను. తెలుగు, మరాఠీ, గోండి, లంబాడీ భాషలు కలసి వినవచ్చు ఈ సీమలో అపరిచితునితో మాటలాడుట వింత కాదు. సంతలో ఎదురైన వాని ఊరు, పేరు, బంధువర్గము విచారించి, 'మీరు' అని మన్నించి మాటలాడుట పెద్దలు నేర్పిన మర్యాద. ఆ విచారణలోనే రక్షణయు ఇమిడియున్నది. ఊరు తెలిసినచో, ఆ మనిషి మంచిచెడ్డలు చెప్పగలవారు ఎవరో ఒకరు దొరకుదురు. అంతర్జాలమున కలుగు పరిచయమునకు ఈ ఆధారము లేదు.

దూరముననున్న వారి ముఖము చూచుచు మాటలాడవలెనను కోరిక పాతది. 1964లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనమున 'పిక్చర్‌ఫోన్' అను యంత్రము ప్రజలకు చూపబడెను. 2009లో వెలసిన ఒమెగల్, చాట్‌రూలెట్ అను వేదికలు ముక్కుమొగము తెలియని ఇరువురిని యాదృచ్ఛికముగా కలుపు పద్ధతిని ప్రచారమునకు తెచ్చినవి. దుర్వినియోగముతో పోరాడు భారము భరింపరానిదైనదని తెలిపి, ఒమెగల్ స్థాపకుడు లీఫ్ కె-బ్రూక్స్ 2023 నవంబరు 8న దానిని మూసివేసెను. అట్టి వేదికలు వేరు పేర్లతో నేటికిని కలవు.

తెరపై కనబడునది నిజమైన మనిషి కానక్కరలేదు. ముందే తీసిన వీడియోను అప్పటి దృశ్యమువలె చూపవచ్చును. కృత్రిమ మేధచే ముఖమునే మార్చవచ్చును. కొన్ని వేదికలలో రెండు పరికరములు నేరుగా కలియుటచే ఐపీ చిరునామా అవతలివారికి తెలియును. దానినిబట్టి ప్రాంతమును సుమారుగా ఊహింపవచ్చును. గోడమీది క్యాలెండరు, పిల్లల బడి దుస్తులు మిగిలిన వివరములు చెప్పును.

మోసగాండ్ర పద్ధతి తరచుగా ఒక్కటే. తీయని మాటలతో చనువు పెంచి, సంభాషణను వాట్సాపునకో ఇన్‌స్టాగ్రామునకో మార్పించి, మిత్రుల జాబితాను తెలిసికొందురు. పిదప వలువలు విడువుమని ప్రేరేపించి, రహస్యముగా చిత్రించి, బంధువులకు పంపెదమని బెదిరింతురు. ఒకసారి ధనమిచ్చినవారు మరల ఇయ్యగలరని వారికి తేలును. కావున బెదిరింపు ఆగదు, పెరుగును. వారి బలమంతయు బాధితుని సిగ్గుపై నిలిచియున్నది.

కాలు జారినచో తీసికొనవచ్చును గాని నోరు జారినచో తీసికొనలేమని మనవారి సామెత. జారిన చిత్రమునకును ఇది వర్తించును. పూర్తి పేరు, ఊరు, ఫోన్ నంబరు, బ్యాంకు వివరములు అపరిచితునకు తెలుపరాదు. కెమెరా వెనుక సాదా గోడ ఉండుట మేలు. అసభ్యత కనబడిన క్షణమున సంభాషణ ముగింపవలెను. అందుకు క్షమాపణ చెప్పనక్కరలేదు. పదునెనిమిదేండ్లు నిండనివారిని ఇట్టి వేదికలకు దూరముగ నుంచవలెను.

మర్యాద ఇరువైపులదియు. ఎదుటివారి అనుమతి లేక చిత్రింపరాదు. రూపమును, యాసను, కులమతములను ఎగతాళి చేయరాదు. వద్దన్న ప్రశ్న మరల అడుగరాదు. ఈ మర్యాదలో కొంత చట్టమును అయినది. అనుమతి లేక ఒకరి గుప్తాంగముల చిత్రమును తీయుట, వ్యాప్తి చేయుట సమాచార సాంకేతిక చట్టము 66ఇ విభాగము క్రింద నేరము. మూడేండ్లవరకు ఖైదు, రెండు లక్షల రూపాయలవరకు జరిమానా కలవు. స్త్రీల విషయమున భారతీయ న్యాయ సంహిత 77వ విభాగము మరియొక మాట స్పష్టపరచినది: చిత్రించుటకు ఒప్పుకొన్నంత మాత్రమున వ్యాప్తికి ఒప్పుకొన్నట్లు కాదు.

బెదిరింపు వచ్చినచో ధనమియ్యక, సందేశములను చెరపక, తెరచిత్రములను భద్రపరచి, 1930 సంఖ్యకు గాని జాతీయ సైబర్ నేర నివేదన వేదికకు గాని తెలుపవలెను. బాలబాలికలకు 1098 కలదు. 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, నేరము ఎచట జరిగినను సమాచారమును ఏ ఠాణాలోనైనను ఇయ్యవచ్చును. బాధితుడు ఒక రాష్ట్రమున, నేరస్థుడు వేరొక రాష్ట్రమున ఉండగల గోకుందవంటి సరిహద్దు సీమలకు ఇది మిక్కిలి ఉపకరించును.

అయినను మొదటి ఠాణా ఇల్లే. తప్పు జరిగినదని పిల్లలు చెప్పుకొనినపుడు తిట్టక వినగల పెద్ద ఒక్కరున్నను, మోసగానికి ఆయుధము మిగులదు.