రెండు రాజ్యాల హద్దులో చెరువు

రకరకాల మనుషులు ఒకచోట ఉండటం సమాజానికి దానంతటదే మేలు చేస్తుందా? ముఖచిత్ర కథనం కావాలి, పశ్చిమ ప్రకాశం నుంచి రావాలి, శుక్రవారం సాయంత్రానికి అందాలి. ఎడిటర్ గారు అప్పగించిన పని ఇది. ఈ ప్రశ్నకు అక్కడి అర్ధవీడు తగిన చోటే. నల్లమల అంచున చెంచుగూడేలు, చుట్టుపక్కల సుగాలి తండాలు, పక్కనే కంభంలో ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే కుటుంబాలు, ఊరికి ఎడంగా మాలపల్లె, మాదిగపల్లె. ఇవన్నీ వరసగా రాసి ‘భిన్నత్వంలో ఏకత్వం’ అని శీర్షిక పెట్టేయొచ్చు. ఆ నినాదం మీద నాకు గురి లేదు. పక్కపక్కన ఉండటం వేరు, కలిసి ఒక పని నడుపుకోవడం వేరు. ఆ రెండో విద్య గురించి ఈ నేల మీద ఎవరైనా రాసిపెట్టారా అని వెతుకుతుంటే ఒక శాసనం దగ్గర ఆగిపోయాను.

గిద్దలూరు దాటి కడప జిల్లాలోకి అడుగుపెడితే పోరుమామిళ్ల. అక్కడి పెద్ద చెరువును విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. శక సంవత్సరం 1291లో, అంటే 1369లో వేయించిన సంస్కృత శాసనం ‘ఎపిగ్రాఫియా ఇండికా’ 14వ సంపుటంలో అచ్చయింది. రాజును పొగడటం, పుణ్యం లెక్కచెప్పడం ఏ శాసనంలోనైనా ఉండేవే. ఇందులో మాత్రం చెరువు కట్టబోయేవాడికి పాఠం ఉంది. మంచి చెరువుకు పన్నెండు సాధనాలు కావాలంటుంది. ధర్మం తప్పని రాజు, నీటిశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు, గట్టి బంకమన్ను, మూడు యోజనాల అవతలి నుంచి వచ్చే తియ్యటి ఏరు, కొండల నడుమ మరీ పొడుగు కాని రాతికట్ట, దగ్గర్లో పొడవాటి రాళ్లిచ్చే గని, పని తెలిసిన జనం. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేస్తే కట్ట లేచిందట. ఖర్చయిన డబ్బుకూ ధాన్యానికీ అంతు లేదట.

మన్ను తొక్కేవాడు, రాయి చెక్కేవాడు, బండి తోలేవాడు, నీటి లెక్క కట్టేవాడు. వీళ్లందరిదీ ఒకే విద్య అయితే ఆ కట్ట లేవదు. వైవిధ్యం వల్ల మేలు అంటే నాకు ఒప్పుదలయ్యేది ఇదే. కానీ ఆ వెయ్యిమందిలో ఒక్కడి పేరూ రాయి మీద లేదు.

సాధనాల తర్వాత ఆరు దోషాలు చెబుతుంది శాసనం. కట్టలోంచి నీరు ఊరడం, చవిటినేల, చెరువు మధ్యలో తాబేటి డిప్పలా మిట్ట, నీళ్లు తక్కువై పొలం ఎక్కువ కావడం, పొలం తక్కువై నీళ్లు ఎక్కువ కావడం. ఇవి ఏ రైతుకైనా తెలిసినవే. ఇంకొకటుంది. రెండు రాజ్యాల హద్దులో చెరువు ఉండటం.

అది చదివాక మిగతా కాగితాలన్నీ పక్కన పెట్టేశాను. ఆ శాసనం రాసినవాడు చెరువు కింద ఎన్ని కులాలున్నాయి, ఎన్ని భాషలున్నాయి, ఏ దేవుడికి మొక్కుతారు అన్నది దోషాల్లో వేయలేదు. అధికారాలు రెండైతే దోషం అన్నాడు. తూము ఎత్తమని ఒకరు, దించమని ఒకరు చెబుతుంటే, తగువు తీర్చడానికి ఇద్దరికీ కలిపి ఒక్క న్యాయస్థానమూ లేకపోతే, ఎంత మంచి కట్టయినా దండగే.

అర్ధవీడు, కంభం ప్రాంతం చరిత్ర అంతా పాలకులు మారిన చరిత్రే. విజయనగరం పోయాక నవాబులు, మైసూరు, నిజాం, 1800లో దత్తమండలాలుగా కంపెనీకి, 1858 దాకా కడప జిల్లా, తర్వాత కర్నూలు జిల్లా, 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా, 1972లో దానికే ప్రకాశం పేరు.

శాసనం పాతబడలేదని అర్ధవీడు మండలంలోని కాకర్లే చెబుతుంది. సుంకేశుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య సందులను (గ్యాపులను) కట్టలతో మూసి వెలిగొండ ప్రాజెక్టుకు నల్లమలసాగర్ జలాశయం కట్టారు. నిలవ సామర్థ్యం 43.5 టీఎంసీలు. ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు పారించాలని లక్ష్యం. కొండ తొలిచిన సొరంగాల్లో నీళ్లు రావాల్సింది శ్రీశైలం జలాశయం నుంచి, అంటే ఈనాటి రెండు రాష్ట్రాల హద్దులోని చెరువు నుంచి. రెండు వైపులా మాట్లాడేది తెలుగే. భాష ఒకటైనంత మాత్రాన కృష్ణా నీటి తగువు తెగలేదు.

ముంపులో పోయేవి 11 ఊళ్లు, వాటిలో తండాలూ ఉన్నాయి. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేసేనాటికీ ఆ ఊళ్లవాళ్ల పునరావాసం పూర్తి కాలేదు.

రెండు రాజ్యాలు ఒకే ఊళ్లోనూ ఉంటాయి. కారంచేడు అప్పట్లో ఇదే ప్రకాశం జిల్లా. 1985 జులైలో మాదిగపల్లె తాగే చెరువు దగ్గర పెద్దకులం వాళ్లు గేదెల కుడితి బకెట్లు కడిగి నీళ్లు పాడుచేస్తుంటే ఒక దళిత కుర్రాడు అడ్డు చెప్పాడు. అతన్ని కొట్టబోతే నీళ్లకొచ్చిన ఒక మహిళ బిందె ఎత్తి అడ్డుకుంది. మర్నాడు, జులై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆ ఊళ్లో కులాలకు, వృత్తులకు కొదవ లేదు. చెరువు దగ్గర పెద్దకులానికి ఒక న్యాయం, పల్లెకు ఒక న్యాయం నడిచింది. వైవిధ్యం దానంతటదే మేలు చేసేదైతే ఆ ఆరు ప్రాణాలు పోయేవి కావు. దళిత మహాసభ పుట్టింది ఆ నెత్తుటిలోంచే. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వెనుకా ఆ ఘటన ఉంది. ఒకే న్యాయం కావాలని అడిగి సాధించుకున్నది దెబ్బతిన్నవాళ్లే.

కనుక ఎడిటర్ గారి ప్రశ్నకు నా జవాబు: దానంతటది చేయదు. తూము దగ్గర అందరికీ ఒకే కట్టుబాటు ఉండి, ఆ కట్టుబాటు రాసేటప్పుడు అందరికీ నోరుంటే చేస్తుంది. మన చట్టం ఇంకా అక్కడికి రాలేదు. సాగునీటి వ్యవస్థలను రైతులే నడుపుకోవాలని 1997లో తెచ్చిన చట్టం నీటి సంఘాలు పెట్టింది, మంచిదే. ఓటు మాత్రం ఆయకట్టు భూమికి సొంతదార్లుగానో కౌలుదార్లుగానో రికార్డుల్లో ఉన్నవాళ్లకు. చేపలు పట్టేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, గొర్రెల్ని నీళ్లకు తోలుకొచ్చేవాళ్లు, నాట్లేసే కూలీలు ఆ చెరువు మీదే బతుకుతున్నా ఓటుకు రారు. వెలిగొండ కాలువల్లో నీళ్లు పారకముందే ఆ చట్టాన్ని సవరించాలి. ముంపు ఊళ్లవాళ్లకూ సంఘాల్లో చోటు, ఓటు ఇవ్వాలి.

పరిశోధకుల మాట

అమెరికాలో సుమారు 30 వేలమందిని అడిగిన సర్వేతో రాబర్ట్ పుట్నమ్ 2007లో ఒక వ్యాసం ప్రచురించారు. రకరకాల జనం ఉన్న పేటల్లో ఒకరిమీద ఒకరికి నమ్మకం తక్కువగా ఉందని, సొంతవాళ్లను కూడా అంతగా నమ్మడం లేదని తేలింది. కాలం గడిచేకొద్దీ ఇది మారగలదని కూడా ఆయనే అన్నారు. ఎలా మారుతుందో అశుతోష్ వార్ష్ణేయ్ 2002 నాటి పుస్తకంలో కొంత దొరుకుతుంది. హైదరాబాదును లక్నోతో, అలీగఢ్‌ను కాలికట్‌తో పోల్చి చూశారాయన. హిందువులు, ముస్లిములు వ్యాపారంలో, సంఘాల్లో, పార్టీల్లో కలిసి పనిచేసిన చోట అల్లర్లు తక్కువ.

కంభం చెరువు

జంపలేరు, గుండ్లకమ్మ నీళ్లు చేరే ఈ చెరువును కృష్ణదేవరాయల భార్య, ఒడిశా గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. కట్ట ఎత్తు 57 అడుగులని పాత ఇంపీరియల్ గెజిటీర్ లెక్క. అంతర్జాతీయ సాగునీటి సంస్థ ఐసీఐడీ 2020లో దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. పోరుమామిళ్ల చెరువుకూ అదే ఏడాది ఆ గౌరవం దక్కింది.