ఒకే గేరు సైకిల్: మహిళలకు ఎంత అనుకూలం?

నగరాల్లో సైకిల్‌పై పనికి వెళ్లే మహిళలకు ఒకే గేరు సైకిల్‌లో పెద్ద సౌలభ్యం చైన్ కవర్. గేర్లు మార్చే యంత్రాంగం లేనందున చైన్‌ను పూర్తిగా కప్పవచ్చు. చీర కుచ్చిళ్లు, చున్నీ అందులో చిక్కుకునే ప్రమాదం తగ్గుతుంది. మరమ్మతులూ తక్కువే.

ఫిక్స్‌డ్ గేరు సైకిల్ తీరు వేరు. ఫ్రీవీల్ లేనందున చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి. చున్నీ చిక్కుకుంటే పెడళ్లను వెంటనే ఆపడం కష్టం.

అసలు ఇబ్బంది ఎత్తు రోడ్లతోనే. ముందు 44, వెనుక 18 పళ్లుంటే పెడల్ ఒక్క చుట్టుకు వెనుక చక్రం సుమారు 2.4 చుట్లు తిరుగుతుంది. వెనుక 20 పళ్ల ఫ్రీవీల్ వేయిస్తే అది 2.2కు తగ్గి, హైదరాబాద్ బంజారాహిల్స్ వంటి ఎత్తుల్లో తొక్కడం కొంత తేలికవుతుంది. చదును దారిలో మాత్రం వేగం తగ్గుతుంది. ఇంటిపని ముగించుకుని హడావుడిగా బయలుదేరేవారికి అది చిన్న విషయమేమీ కాదు.