నాలుగింటి గేటు దగ్గర లెక్క

ఈ ఏడాది మన ఉగాది భోజనాల దగ్గర లైను కాస్త ఎక్కువే సాగింది. పులిహోర అయిపోయి రెండో గిన్నె వచ్చేసరికి అరగంట పట్టింది. నా ముందున్నాయన విసుక్కుంటుంటే నాకు నవ్వొచ్చింది. వెనకాల ఉన్న ఇయర్ ఎయిట్ చదివే అమ్మాయి "ఎందుకాంటీ నవ్వుతున్నారు?" అని అడిగింది. "ఒకప్పుడు లైన్లు లెక్కపెట్టడమే నా పనమ్మా" అన్నాను. ఆ పిల్ల నమ్మలేదు. బొబ్బట్లు తినేదాకా తనూ, తన స్నేహితులూ కలిసి నాచేత కథంతా చెప్పించారు. పక్కనే కూర్చుని విన్న మన ఎడిటరు గారు "రాసి ఇవ్వండి" అన్నారు. అదే ఇది.

ముప్ఫై ఏళ్ళు ఇక్కడ ఇంగ్లండు స్కూళ్ళలో లెక్కలు చెప్పి రిటైరయ్యాక, 2012లో మూడు నెలలు బెత్లెహాంలో వాలంటీరుగా ఉన్నాను. చర్చిల ప్రపంచ మండలి 2002లో మొదలుపెట్టిన కార్యక్రమం అది. బ్రిటన్ నుంచి వెళ్ళేవాళ్ళని ఇక్కడి క్వేకర్లు ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి పంపేవారు. "ఈ వయసులో నీకెందుకే" అన్నారు మావారు. మా అమ్మాయి ఏమీ అనకుండా మంచి బూట్లు కొనిపెట్టింది. ఆ బూట్లే నన్ను కాపాడాయి!

పిల్లలూ, మ్యాపులో చూడండి. బెత్లెహాం నుంచి జెరూసలేం పది కిలోమీటర్లు కూడా ఉండదు. వెస్ట్‌బ్యాంక్‌లో ఉండే పాలస్తీనా వాళ్ళు అటు వెళ్ళాలంటే ఇజ్రాయెల్ సైన్యం ఇచ్చే పర్మిట్ ఉండాలి, చెక్‌పోస్టు దాటాలి. ఆ ఊరి చెక్‌పోస్టుని అందరూ "త్రీ హండ్రెడ్" అంటారు. దాని పక్కనే ఎనిమిది మీటర్ల ఎత్తు కాంక్రీటు గోడ. ఆ గోడ ఊరికే లేచింది కాదు. 2000 తర్వాత కొన్నేళ్ళు ఇజ్రాయెల్ బస్సుల్లో, హోటళ్ళలో ఆత్మాహుతి బాంబులు పేలి వందలమంది చనిపోయారు. వాటిని ఆపడానికే 2002లో గోడ మొదలుపెట్టామని ఆ ప్రభుత్వం చెప్పింది. అయితే గోడ పాత సరిహద్దు గీత మీద కాకుండా చాలాచోట్ల వెస్ట్‌బ్యాంక్ లోపలికి చొచ్చుకు వచ్చింది. అలా కట్టడం అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమని 2004లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. ఇజ్రాయెల్ దాన్ని ఒప్పుకోలేదు. ఈ రెండు ముక్కలూ తెలిస్తేగాని మిగతాది అర్థం కాదు.

ఇక మా పని. తెల్లవారుజామున మూడున్నరకి టాక్సీ. నాలుగింటికి గేటు తెరిచేవారు. మేం వెళ్ళేసరికే గోడ పక్కన ఇనుప ఊచల మధ్య సన్నటి దారిలో వందలమంది మగవాళ్ళు నిలబడి ఉండేవారు. తాపీ పనివాళ్ళు, టైల్స్ వేసేవాళ్ళు, షట్టరింగు వడ్రంగులు. హెబ్రాన్ వైపు పల్లెల్లో రెండింటికే లేచి వచ్చేవాళ్ళు ఎంతోమంది. ఆదివారం వాళ్ళకి వారంలో మొదటి పనిరోజు కాబట్టి ఆ పొద్దున తొక్కిసలాటే. కుర్రాళ్ళు ఊచలు పట్టుకుని ఎగబాకి, ముందున్నవాళ్ళ తలల మీదుగా పాక్కుంటూ వెళ్ళేవారు. పెద్దవాళ్ళు కింద నుంచి తిట్టేవారు. భాష రాకపోయినా తిట్టు అర్థమవుతుంది లెండి.

పక్కన తోపుడు బళ్ళు. నువ్వులు అద్దిన పెద్ద రొట్టె, యాలకుల వాసన వేసే కాఫీ. ఆ చీకట్లో ఒక మూల అట్టముక్కలు పరుచుకుని నమాజు చేసుకునేవారు. నాకు మా నిజామాబాద్ బస్టాండు గుర్తొచ్చేది.

నా చేతిలో చిన్న క్లిక్కరు. తిరిగే ఇనుప గేటులోంచి మనిషి దాటినప్పుడల్లా ఒక నొక్కు. అరగంటకోసారి అంకె రాసుకోవాలి. లైను చివర నిలబడ్డ ఒకాయన అటు బయటపడేసరికి ఎంతసేపైందో కూడా చూడాలి. ఒక్కోరోజు ఇరవై నిమిషాలు, ఒక్కోరోజు రెండు గంటలు. తేడా ఎక్కడంటే, లోపల పాస్‌లు చూసే కిటికీలు ఎన్ని తెరిచారన్న దాంట్లో. మెటల్ డిటెక్టర్ దాటాక, బెల్టులు చేత్తో పట్టుకుని మళ్ళీ ఒక లైను. అక్కడ అరచెయ్యి మెషీను మీద పెట్టాలి. సిమెంటుతో గరుకెక్కిన కొన్ని చేతుల్ని మెషీను ఒకసారికి గుర్తుపట్టేది కాదు. చెయ్యి చొక్కాకి తుడుచుకుని మళ్ళీ పెట్టేవారు. ఏడింటికి లెక్క ముగిసేసరికి నా క్లిక్కరులో నాలుగు వేలు, ఒక్కోసారి ఐదు వేలు.

అవతల జెరూసలేం వైపు మేస్త్రీల వ్యాన్లు ఆగి ఉండేవి. ఆలస్యమైతే వ్యాను వెళ్ళిపోతుంది, ఆ రోజు కూలి పోయినట్టే. అప్పట్లో పర్మిట్ ఒక యజమాని పేరు మీదే ఉండేది, ఆయనకి కోపం వస్తే పర్మిట్టూ పోతుంది. మా ఊళ్ళో ఇంటికొకరు దుబాయో మస్కటో వెళ్ళినవాళ్ళే. కఫీల్ అంటే ఏమిటో నాకు ఎవరూ వివరించనక్కర్లేదు.

మాకున్న అధికారం ఏమిటంటారా? సున్నా. సైనికులతో వాదించకూడదు. గేటు తెరవకపోతే సైన్యం వాళ్ళ సహాయ నంబరుకి ఫోన్ చెయ్యొచ్చు, అంతే. ఆడవాళ్ళకి, ముసలివాళ్ళకి, రోగులకి పక్కన వేరే గేటు ఉండేది. అది ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలిసేది కాదు.

నవంబరులో ఒకరోజు ఒక తల్లి ఏడెనిమిదేళ్ళ బాబుని దుప్పట్లో చుట్టి తెచ్చింది. జెరూసలేంలోని అగస్టా విక్టోరియా ఆస్పత్రిలో వాడికి డయాలిసిస్. పక్క గేటు మూసి ఉంది. మగవాళ్ళ లైనులో పిల్లాణ్ణి పెట్టుకుని దూరే వీలు లేదు. నేను ఫోన్ చేశాను. "చూస్తాం" అన్నారు. పది నిమిషాలకి మళ్ళీ చేశాను. మళ్ళీ "చూస్తాం." ఆవిడ నా జాకెట్ వంక, నా ఫోన్ వంక చూస్తూ నిలబడింది. నేనేదో పెద్ద ఆఫీసర్‌ననుకుందో ఏమో. ఐదోసారి చేశాక, నలభై నిమిషాలకి గేటు తెరుచుకుంది. నా ఫోన్ వల్లనా, అప్పటికి డ్యూటీ మారిన సైనికుడి వల్లనా? ఈరోజుకీ తెలీదు. గేటు అవతల ఆ అమ్మాయి సైనికురాలికి పంతొమ్మిదేళ్ళు ఉంటాయేమో. బాబుని చూసి గబగబా కాగితాలు చూసి పంపేసింది. నా స్కూల్లో సిక్స్త్ ఫామ్ పిల్లలా ఉంది, అంతకంటే పెద్దది కాదు.

నాలాంటి విదేశీయులం మూడు నెలలు ఉండి వచ్చేవాళ్ళం. నాకు గౌరవం కలిగింది మాత్రం ఇజ్రాయెలీ ఆడవాళ్ళ మీద. "మహ్‌సోం వాచ్" అని 2001లో ముగ్గురు ఆడవాళ్ళు మొదలుపెట్టిన సంఘం. హీబ్రూలో మహ్‌సోం అంటే అడ్డు, చెక్‌పోస్టు. మగవాళ్ళని చేర్చుకోరు. చాలామంది అమ్మమ్మల వయసువాళ్ళు. స్వెట్టరు వేసుకుని నోటు పుస్తకం పట్టుకుని నిలబడి, ఇంటికి వెళ్ళి చూసిందంతా రాసి అందరికీ కనిపించేలా పెట్టేవారు. సొంత మనుషులే ద్రోహులని తిట్టేవారట. అలాంటి ఒకావిడ కొడుకు సైన్యంలో పనిచేసి వచ్చినవాడే. "వాడు ఇలాంటి చోట ఏం చేసేవాడో నాకు తెలియాలి కదా" అంది నాతో. అంతకుమించి ఆవిడ పెద్ద మాటలేవీ చెప్పలేదు.

టైల్స్ పని చేసే ఒకాయన రోజూ దాటుతూ నన్ను పలకరించేవాడు. ఒకరోజు నవ్వుతూ, "టీచర్, నువ్వు లెక్కపెడితే మేం తగ్గుతామా?" అన్నాడు. నేనేం చెప్పను! మా అంకెలు నెలనెలా ఐక్యరాజ్యసమితి వాళ్ళకీ, ఇతర సంస్థలకీ వెళ్తాయన్నాను. తల ఊపాడు, బెల్టు తీసి చేత్తో పట్టుకున్నాడు, వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం మావారికి ఫోన్ చేసి "వచ్చేస్తానండీ" అన్నాను. "మూడు నెలలన్నావుగా, ఉండు" అన్నారు. వద్దన్న మనిషే!

2019లో ఆ చెక్‌పోస్టుని మార్చారు. ముఖాన్ని గుర్తుపట్టే గేట్లు పెట్టారు. దాటే సమయం బాగా తగ్గింది. మేం రాసిన అంకెలు ఆ మార్పులో ఇసుమంతైనా పనికొచ్చాయేమో, పనివాళ్ళు త్వరగా రావాలని బిల్డర్లు పెట్టిన ఒత్తిడే పనిచేసిందేమో.

ఆ తర్వాత 2023 అక్టోబర్ 7. హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు పన్నెండు వందలమంది చనిపోయారు. ఆ వెంటనే వచ్చిన యుద్ధంలో గాజాలో వేలకు వేలమంది. వెస్ట్‌బ్యాంక్ పనివాళ్ళ పర్మిట్లు దాదాపు అన్నీ ఆపేశారు. లక్షమందికి పైగా ఇళ్ళల్లో కూర్చున్నారు. ఇజ్రాయెల్‌లో సగం కట్టిన బిల్డింగులు నిలిచిపోయాయి.

2024 వేసవిలో మా అన్నయ్య కొడుకు ఊరి నుంచి ఫోన్ చేశాడు. "అత్తా, ఇజ్రాయెల్ల పని దొర్కింది. షట్రింగు. నెలకు లక్ష మీదనే అంట" అన్నాడు. భారత ప్రభుత్వం ఆ దేశంతో చేసుకున్న ఒప్పందం కింద ఆ మేలో హైదరాబాద్‌లో కూడా ఎంపికలు జరిగాయి. దుబాయ్ అప్పులు ఇంకా తీరలేదు వాడికి. వద్దని నేనెలా అంటాను? "జాగ్రత్త బిడ్డా, సైరన్ మోగితే షెల్టర్‌కి ఉరుకు" అన్నాను.

వెళ్ళిన నెలకి వీడియో కాల్ చేశాడు. వెనకాల సగం లేచిన స్లాబు. "అత్తా, ఇంతకుముందు ఈడ ఎవలు పని చేసెటోళ్ళు? చెక్కల మీద పెన్సిల్‌తోని అరబ్బీల ఏందో రాసున్నది" అన్నాడు. ఫోన్ దగ్గరగా పెట్టి చూపించాడు. నాకు అక్షరాలు రావు, అంకెలు మాత్రం వచ్చు. కొలతలు. రెండు మీటర్ల నలభై, దాని కింద ఒకటి ఎనభై.

"పాలస్తీనా వాళ్ళురా. పొద్దున నాలుగింటికి గేటు దాటి వచ్చేవాళ్ళు" అన్నాను.

"ఇప్పుడేం చేస్తున్నరు మరి?"

"తెల్వది బిడ్డా."

వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "కొలతలైతే సరిగనే ఉన్నయ్ అత్తా. మళ్ళ కొలవాల్సిన పని లేదు" అన్నాడు.