గిటారు పట్టిన మన పిల్లలు

మాకు తెలిసిన మన ఇళ్లలో వీణ కావాలని అడిగే పిల్లలకంటే గిటారు కావాలనేవారే ఎక్కువ. ఇందుకు చింతించనక్కరలేదు. ఫిడేలు కూడా ఒకనాడు పరాయి వాద్యమే. దాదాపు రెండు వందల ఏళ్ల కిందట బాలుస్వామి దీక్షితులు దానిని చేపట్టారు. నేడు అది లేని గాత్రకచేరీ అరుదు. చింతించవలసింది వేరే ఉంది. పిల్లల వేళ్లు సాగుతున్నాయి గాని, ఆ వేళ్ల నుంచి మన భాషలో పాట పుట్టడం లేదు. ఈ రెండింటికీ పనికివచ్చే సాధనాలను గురించి మాకు తెలిసినంత మనవి చేస్తాము.

ముందుగా పుస్తకాలు. బర్ట్ వీడన్ 1957లో వెలువరించిన 'ప్లే ఇన్ ఎ డే'తో ఈ దేశంలో ఎందరో గిటారు మొదలుపెట్టారు. పాల్ మెకార్ట్‌నీ, జార్జి హారిసన్ తొలి కార్డులను, అంటే ఒకేసారి మీటే స్వరాల గుత్తులను, వీడన్ పుస్తకం చూసే నేర్చారు. పేరుకు ఒక్కరోజే గాని పని ఏళ్ల తరబడిది. ఇటువంటి పుస్తకాలకై ముందు పబ్లిక్ లైబ్రరీలో అడగండి. మాంచెస్టరు వారికి సెంట్రల్ లైబ్రరీలో హెన్రీ వాట్సన్ సంగీత విభాగం ఉండనే ఉంది. ఇంటర్నెట్టులో జస్టిన్ శాండర్కో 2003లో ఆరంభించిన పాఠాలు వరుసక్రమంలో ఉంటాయి, చాలావరకు ఉచితం.

ట్రినిటీ, అసోసియేటెడ్ బోర్డు వారి ఎనిమిది గ్రేడులు క్రమశిక్షణకు మంచివి. అయితే పరీక్షకు కొద్ది పాటలే కావాలి గనుక, ఏడాది పొడుగునా వాటినే రుద్దే ప్రమాదం ఉంది. సర్టిఫికెట్లపై మన తల్లిదండ్రులకున్న మక్కువ తెలిసినదే!

వైద్యులముగా ఒక మాట. వారానికొకసారి రెండు గంటలకంటే రోజూ పావుగంట మేలు. చిన్నవారికి చిన్న సైజు గిటారు, నైలాను తీగలు ఇప్పించండి. వేలికొనలు తొలివారాల్లో మండి, తర్వాత గట్టిపడతాయి, అది సహజం. మణికట్టు నొప్పి పెట్టినా, వేళ్లు తిమ్మిరెక్కినా వాద్యం పక్కన పెట్టించాలి. తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

ఇక అసలు సంగతి. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌కు గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు. ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు; కుర్రవాడు ఆ పాటను తీగలమీద వెతుక్కునేవాడు. 2014లో కన్నుమూసేలోగా శ్రీనివాస్ ప్రపంచమంతా వాయించాడు; యార్క్‌షైరులోని డాంకాస్టరులో పుట్టిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని కూడా. అంటే గిటారు రాని తల్లి సైతం గురువు కావచ్చు. మీకు వచ్చిన పాట పాడండి, పిల్లను వెతకనివ్వండి. కేపో అనే చిన్న బిగింపును ఒక్కొక్క మెట్టు పైకి జరిపితే శ్రుతి అరస్వరం చొప్పున పెరుగుతుంది. గొంతుకు సరిపడేచోట ఆపుకోవచ్చు.

పాట కట్టడానికి మన ఛందస్సు ఉన్నది. గురజాడవారి ముత్యాలసరం నడక మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు. 'తకిట తకధిమి' అని గిటారు మీటుతూ, కిటికీలోంచి కనిపించినది చెప్పమనండి:

వాన చినుకులు గాజుపలకను
జారి పడితే, జట్టు కడితే...

జి, సి, డి అనే మూడు కార్డులు చాలు. తర్వాతి చరణం పిల్లలే కడతారు. మాట తడుముకుంటే అందించండి, వెక్కిరించకండి. యాసను చూసి మనం నవ్విన రోజునే వారు ఇంగ్లీషుకు తిరిగిపోతారు.

రానున్న ఉగాది కార్యక్రమంలో సినిమా పాటల నడుమ ఒక పది నిమిషాలు పిల్లల సొంత పాటలకు కేటాయించవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాము. తప్పులు దొర్లనీయండి. ఈ దేశపు వాన తెలుగులో ఎలా కురుస్తుందో చెప్పగలవారు వారే.